గాలికి దారి చూపే ట్యాంకు

సినిమా షూటింగ్ ఎక్కడ జరిగినా ఆ సందు మలుపులోనో, ప్రహరీ వెనకో, కెమెరా కంట పడకుండా ఒక జనరేటర్ వ్యాన్ ఆగి ఉంటుంది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ రోడ్ల మీద తిరిగేవాళ్లకు తెలిసిన బండే. సెట్లో వెలిగే లైట్లకు, మానిటర్లకు, నటీనటుల కారవాన్లలో తిరిగే ఏసీలకు కరెంటు దాన్నుంచే వస్తుంది. కాల్షీట్ మొదలైనప్పటి నుంచి ప్యాకప్ చెప్పేదాకా లోపల ఇంజను నడుస్తూనే ఉంటుంది, బండి మాత్రం అంగుళం కదలదు. చక్రాల మీద తిరిగే ఇంజన్లలో ఇంతకన్నా కష్టమైన చాకిరీ మరొకటి లేదని నా నమ్మకం. ఆ ఇంజను ఉడికిపోకుండా కాచేవాటిలో రేడియేటర్ పేరు అందరికీ తెలుసు. దానికంటే ఎత్తున బిగించి ఉండే సర్జ్ ట్యాంకును మాత్రం చాలామంది కూలెంట్ పోసుకునే డబ్బా అనుకుని వదిలేస్తారు. దాని అసలు పని కూలెంట్‌లోంచి గాలిని వేరుచేసి పైకి తీసెయ్యడం. దాన్ని కొత్తగా బిగించేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే పైపు ఎటు వంచాలి, ఎక్కడ కలపాలి అన్నవాటికి సగం జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

ముందు వేడి లెక్క చూద్దాం. 125 కేవీఏ జనరేటర్ పూర్తి లోడు మీద గంటకు 100 యూనిట్ల కరెంటు ఇస్తుంది. అందుకు పాతిక లీటర్లకు పైగా డీజిల్ తాగుతుంది. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది కాబట్టి 250 యూనిట్లు లోపలికి పోతే 100 మాత్రమే మనకు చేతికొచ్చాయి. మిగిలిన నూటయాభైలో దాదాపు సగం పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది. కొంత ఇంజను పైభాగాల నుంచి, ఆల్టర్నేటర్ నుంచి చుట్టూ ఉన్న గాలిలో కలుస్తుంది. అటూ ఇటుగా 60 యూనిట్ల వేడిని కూలెంట్ మోయాలి. స్నానాల గదిలో పెట్టుకునే రెండు కిలోవాట్ల గీజర్లు ముప్పై ఒకేసారి వేస్తే ఎంత వేడి పుడుతుందో అంత. దాన్ని రోజంతా, నిలబడ్డ చోటనే, రేడియేటర్ గుండా బయటికి నెట్టాలి.

రోడ్డు మీద పరుగెత్తే కారుకు ఎదురుగాలి సాయం ఉంటుంది. నిలబడ్డ బండికి ఫ్యానే దిక్కు. పైగా జనరేటర్ చప్పుడు చేయకూడదు. మన దేశంలో నిబంధన ప్రకారం డీజిల్ జనరేటర్ శబ్దం దాని కవచానికి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. సెట్లో మాటలను అక్కడికక్కడే రికార్డు చేసే సినిమా అయితే అంతకంటే నిశ్శబ్దం కావాలి. అందుకని ఇంజను చుట్టూ నురుగు అద్దిన గోడలు కడతారు, గాలి వచ్చే దారినీ పోయే దారినీ మలుపులు తిప్పుతారు. శబ్దం ఆ మలుపుల్లో చిక్కుకుంటుంది, గాలి కూడా కొంత చిక్కుకుంటుంది. రేడియేటర్ ఎంత వేడి వదలగలదన్నది కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీల్లో ఉండి, మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలుంటే తేడా 53. కవచం లోపలికి వచ్చేసరికి ఆ గాలి ఇంకో పది డిగ్రీలు వేడెక్కితే తేడా 43కు పడిపోతుంది. అంటే రేడియేటర్ సామర్థ్యంలో దాదాపు అయిదో వంతు పోయినట్టే. ఇంత ఇరుకు లెక్కలో పనిచేసే వ్యవస్థలో గాలి బుడగలకు చోటివ్వడం ఎవరికీ కుదరదు.

ఇక షూటింగులు జరిగే ఈ చోటు సంగతి. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన రోజుల్లో స్టూడియోలు కట్టుకోవడానికి దొరికిన జాగా రాళ్లగుట్టల మీదే. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించింది అలాంటి నేల మీదే. ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియోస్ గుట్ట మీద ఉంది. దక్కను పీఠభూమి గ్రానైట్ రాతిని పూర్తిగా చదును చేయడం ఎవరి తరమూ కాదు, అందుకే ఈ ప్రాంతం రోడ్లు నేటికీ ఎక్కుతూ దిగుతూనే ఉంటాయి. హైదరాబాదు సగటున సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలు అంతకంటే ఎత్తు. సముద్ర తీరాన 100 డిగ్రీలకు మరిగే నీళ్లు ఇక్కడ 98 దగ్గరే మరుగుతాయి. రెండు డిగ్రీలే కదా అనిపించవచ్చు. కానీ 95 దగ్గర నడిచే ఇంజనుకు మిగిలిన జాగా మూడు డిగ్రీలే అన్నమాట.

అందుకే కూలింగ్ వ్యవస్థకు స్ప్రింగు ఉన్న క్యాప్ పెడతారు. వేడికి కూలెంట్ వ్యాకోచించి లోపలి గాలిని నొక్కుతుంది, క్యాప్ ఆ ఒత్తిడిని నిలబెడుతుంది. ఒక బార్ క్యాప్ ఉంటే ఈ గుట్టల మీద కూడా నీళ్లు 119 డిగ్రీల దాకా మరగవు. సగానికి సగం ఎథిలీన్ గ్లైకాల్ కలిపితే ఆ హద్దు మరో ఏడెనిమిది డిగ్రీలు జరుగుతుంది. నడుస్తున్న ఇంజను క్యాప్ విప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా ద్రవంగా ఉన్నది క్షణంలో ఆవిరై ముఖాన కొడుతుంది. చేతులూ ముఖమూ కాల్చుకున్న మెకానిక్కులు ఏ ఊరి షెడ్డులోనైనా ఉంటారు. ఇంజను ఆపి, పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆగాలి. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్ద హీరో షాటు ఆగిపోయినా సరే.

గాలి అసలు లోపలికి ఎలా వస్తుంది? కొంత మనమే పోస్తాం. మామూలు నీళ్లు లీటరులో 18 మిల్లీలీటర్ల దాకా గాలి కరిగి ఉంటుంది, వేడెక్కగానే అది బుడగలై విడిపోతుంది. నింపేటప్పుడు ఇంజను హెడ్‌లోని మూలల్లో కొంత గాలి ఇరుక్కుంటుంది. పంపు సీలు అరిగితే కొంత పీల్చుకుంటుంది. హెడ్ గ్యాస్కెట్ నెర్రె ఇస్తే సిలిండర్‌లోని మంట వాయువే కూలెంట్‌లోకి చొరబడుతుంది.

బుడగ తేలికైనది కాబట్టి తనంతట తానే పైకి తేలిపోతుందని అనుకుంటాం. ఇక్కడే విషయం ఆసక్తికరంగా ఉంటుంది. మనం చెప్పుకున్న అరవై కిలోవాట్ల వేడిని ఏడు డిగ్రీల తేడాతో మోయాలంటే నిమిషానికి 140 లీటర్ల కూలెంట్ తిరగాలి. మొత్తం వ్యవస్థలో ఉన్నది 25 లీటర్లు అనుకుంటే, ప్రతి చుక్కా దాదాపు పది సెకన్లకోసారి ఇంజనును చుట్టివస్తోంది. రెండంగుళాల హోస్‌లో ఆ ప్రవాహం సెకనుకు మీటరుకు పైగా వేగంతో పోతుంది. మిల్లీమీటరు బుడగ నిశ్చలమైన నీటిలో పైకి తేలే వేగం సెకనుకు పది, ఇరవై సెంటీమీటర్లు మాత్రమే. అంటే బుడగ పైకి చేరేలోపే ప్రవాహం దాన్ని మళ్లీ పంపులోకి లాక్కుపోతుంది. పంపు రెక్కలు దాన్ని ఇంకా చిన్న బుడగలుగా నరుకుతాయి. చిన్నవి ఇంకా నెమ్మదిగా తేలుతాయి. ప్రవాహం నెమ్మదించే చోటు ఒకటి కల్పించకపోతే గాలి అందులో తిరుగుతూనే ఉంటుంది. సర్జ్ ట్యాంకు ఆ నెమ్మదైన చోటు. నిమిషానికి అయిదు లీటర్లు మాత్రమే వచ్చే ఎనిమిది లీటర్ల ట్యాంకులో కూలెంట్ నిమిషానికి పైగా నిలబడుతుంది. తేలడానికి బుడగకు అంత సమయం చాలు.

గాలి ఉండిపోతే జరిగే నష్టం చిన్నది కాదు. నీటితో పోలిస్తే గాలి వేడిని దాటించే శక్తి ఇరవయ్యో వంతు కూడా ఉండదు. హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర బుడగ నిలిస్తే అక్కడి లోహం ఒక్కటే విపరీతంగా కాలుతుంది, హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది. నీళ్లలో నేరుగా మునిగి ఉండే సిలిండర్ లైనర్లున్న పెద్ద డీజిల్ ఇంజన్లలో మరో ముప్పు ఉంది. పిస్టన్ తాకిడికి లైనర్ గోడ సన్నగా వణుకుతుంది. ఆ వణుకులో గోడ వెనక్కి జరిగిన ప్రతిసారీ కూలెంట్‌లో ఆవిరి బుడగ పుట్టి వెంటనే కుప్పకూలుతుంది, కూలిన ప్రతిసారీ ఇనుమును కొంచెం గిల్లుతుంది. వ్యవస్థలో ఒత్తిడి తక్కువైతే ఇది ఇంకా పెరుగుతుంది. కొన్ని వేల గంటల తర్వాత లైనర్‌కు సూది బెజ్జాలు పడి కూలెంట్ ఆయిల్లోకి దిగుతుంది. అన్నిటికంటే ప్రమాదం, కూలెంట్ మట్టం పడిపోయి టెంపరేచర్ సెన్సర్ గాలిలో వేలాడటం. అప్పుడు మీటరు ముల్లు కిందే ఉంటుంది, లోపల ఇంజను ఉడికిపోతుంటుంది. ముల్లు చూసి ధైర్యంగా ఉన్న డ్రైవర్‌ను తప్పుపట్టలేం.

చాలా కార్లలో కనబడే రిజర్వాయర్ బాటిల్ వేరు, సర్జ్ ట్యాంకు వేరు. రిజర్వాయర్ బాటిల్‌లో ఒత్తిడి ఉండదు. రేడియేటర్ క్యాప్ దాటి పొంగిన కూలెంట్‌ను దాచి, చల్లబడ్డాక తిరిగి ఇస్తుంది, అంతే. సర్జ్ ట్యాంకు ఒత్తిడిలో ఉంటుంది, కూలెంట్ కొద్దికొద్దిగా దాని గుండా ఎప్పుడూ తిరుగుతుంటుంది, ఒత్తిడి క్యాప్ దానిమీదే ఉంటుంది. బిగించేటప్పుడు రేడియేటర్‌కున్న పాత స్ప్రింగు క్యాప్ తీసేసి మామూలు మూత వేయాలి. రెండూ ఉంచితే వాటిలో బలహీనమైనది ముందు తెరుచుకుంటుంది, కొత్త ట్యాంకు పెట్టిన ప్రయోజనం ఆ దారినే పోతుంది.

ఈ ఏర్పాటు విలువను విమాన ఇంజన్లు చేసినవాళ్లు ముందే గ్రహించారు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానపు మెర్లిన్ ఇంజనుకు కూలెంట్ హెడర్ ట్యాంకు ప్రొపెల్లర్ వెనకాలే, ఇంజను ముందు భాగంలో ఉండేది. అంత జాగ్రత్తగా కట్టిన విమానం కూడా నేల మీద ఎక్కువసేపు నిలబడితే వేడెక్కిపోయేది, రెక్కల కింది రేడియేటర్‌కు గాలి అందక. ఆకాశంలో ఎదురులేని ఇంజను నిలబడితే ఓడిపోయింది. మన జనరేటర్ ఇంజను చేసేదంతా నిలబడే చేయాలి.

ట్యాంకు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు పుస్తకాల్లో ఒక్క ముక్కలో జవాబుంటుంది. వ్యవస్థ మొత్తంలో అన్నిటికంటే ఎత్తున పెట్టమంటారు. చదును నేల మీద అది నిజమే. ఫిలింనగర్ సందుల్లో బండి చదునుగా ఆగే అవకాశం తక్కువ. పదడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద వ్యాన్ నిలబడిందనుకోండి. రేడియేటర్‌కూ ఇంజను చివరి సిలిండర్‌కూ మధ్య అయిదడుగులుంటే, వాలు వల్ల వాటి ఎత్తుల్లో అరడుగు తేడా వచ్చేస్తుంది. పొద్దున ఎత్తుగా ఉన్న మూల, బండి మొహం తిప్పి పెట్టగానే పల్లమైపోతుంది. కాబట్టి ట్యాంకు అడుగు భాగం ఇంజను హెడ్ కన్నా కనీసం ఆ అరడుగు పైన ఉండాలి. ఇంజను ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, రేడియేటర్ పై మూల నుంచి ఒకటి వెంట్ పైపులు తీయాలి. బండి ఎటు వాలినా వాటిలో ఒకటైనా పైకే చూస్తుంది. ఇక్కడ పని చేసే బండికి ఇది తప్పనిసరి అని నా పట్టుదల.

వెంట్ పైపులు సన్నవి చాలు, లోపలి వ్యాసం 6 నుంచి 8 మిల్లీమీటర్లు. లావుగా పెడితే వేడి కూలెంట్ రేడియేటర్‌ను తప్పించుకుని ట్యాంకు దారిన పోతుంది. దారి పొడవునా పైపు ఎక్కుతూనే ఉండాలి. మధ్యలో ఒక్క చోట జారి వంగినా ఆ వంపులో కూలెంట్ నిలిచి గాలికి అడ్డం పడుతుంది. పనివాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడ కాదు, పైపులను కలిపే దగ్గర. రెండు మూడు వెంట్లను టీ జాయింటుతో ఒకటి చేసి ట్యాంకుకు ఒకే గొట్టం తీసుకెళ్తారు. ఇంజను నుంచి వచ్చే పైపులో ఒత్తిడి రేడియేటర్ పైపులో కంటే ఎక్కువ. కలిపితే బలమైనది బలహీనమైన దాంట్లోకి ఎదురు తోస్తుంది, రేడియేటర్‌లో గాలి అక్కడే చిక్కుకుపోతుంది. ప్రతి పైపుకూ ట్యాంకు మీద దాని సొంత నాజిల్ ఉండాలి.

ట్యాంకు అడుగు నుంచి దిగే ఫిల్ పైపు మాత్రం లావుగా, ముప్పావు అంగుళానికి తగ్గకుండా ఉండాలి. అది పంపు పీల్చే వైపునే, పంపుకు వీలైనంత దగ్గర్లో కలవాలి. కారణం తెలుసుకోదగ్గది. తిరిగే వ్యవస్థ మొత్తంలో ఒత్తిడి అన్నిటికంటే తక్కువుండేది పంపు నోటి దగ్గర. అక్కడ ఒత్తిడి మరీ పడిపోతే వేడి కూలెంట్ అక్కడే ఆవిరై పంపు ఖాళీగా తిరుగుతుంది. ట్యాంకును ఆ నోటికి కలిపితే అక్కడి ఒత్తిడి ట్యాంకులోని ఒత్తిడికి కట్టుబడి ఉంటుంది, మిగతా చోట్లన్నీ దానికంటే పైనే ఉంటాయి. ట్యాంకు ఎత్తు వల్ల వచ్చే ఒత్తిడి కొంచెమే, అర మీటరు ఎత్తుకు బార్‌లో ఇరవయ్యో వంతు. అసలు బలం క్యాప్ పట్టి ఉంచేది. ఇదే పైపును పంపు బయటికి తోసే వైపు కలిపితే అంతా తిరగబడుతుంది. కూలెంట్ ట్యాంకులోకి తోసుకొస్తుంది, పంపు నోరు ఎండుతుంది.

పరిమాణం విషయంలో పెద్ద గందరగోళం అక్కర్లేదు. సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ చల్లగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా వేడెక్కేసరికి అయిదు శాతం పెరుగుతుంది. 25 లీటర్ల వ్యవస్థలో అది లీటరుంపావు. దానికి చోటు, ఎక్కడైనా చిన్న లీకుంటే ప్యాకప్ దాకా సరిపోయే నిల్వ, పైన గాలి మెత్తకు కొంత జాగా కలిపి ఎనిమిది లీటర్ల ట్యాంకు బాగుంటుంది. మెడ దాకా నింపొద్దు. పైన మూడో వంతు ఖాళీ ఉంటేనే కూలెంట్ పెరిగినప్పుడు నొక్కుకోవడానికి గాలి ఉంటుంది. అల్యూమినియం రేకుతో ట్యాంకు కట్టిస్తే లోపల బెజ్జాలున్న అడ్డగోడ ఒకటి వేయించాలి. వెంట్ నుంచి వచ్చిన నురుగు నేరుగా ఫిల్ పైపులోకి దిగకుండా అది ఆపుతుంది. మట్టం కనబడే గాజు గొట్టం, మట్టం పడిపోతే ఇంజనును ఆపే స్విచ్ పెట్టించండి. మీటరు ముల్లు మోసం చేసిన రోజున ఆ స్విచ్చే ఇంజనును కాపాడుతుంది.

నింపడంలో ఓపిక కావాలి. బండిని దొరికినంత చదునైన చోట ఆపి, ట్యాంకు మెడలోంచి సన్నని ధారగా పోయాలి. గబగబా కుమ్మరిస్తే కింద గాలి ఇరుక్కుంటుంది. తర్వాత లోడు లేకుండా ఇంజను నడిపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా, అంటే 82 నుంచి 90 డిగ్రీల మధ్యకు వచ్చేదాకా చూడాలి. అది తెరుచుకోగానే రేడియేటర్‌లో మిగిలిన గాలి బయటపడి ట్యాంకులో మట్టం ఒక్కసారి దిగుతుంది. చల్లబడ్డాక ఆ మేరకు మళ్లీ పోయాలి. ఒకటి రెండు పూటలు లోడు మీద నడిచాక గాజు గొట్టంలో బుడగలు ఆగిపోవాలి. అప్పటికీ ఆగకపోతే లోపం ట్యాంకుది కాదు, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ట్యాంకులోని గాలిని నీలిరంగు పరీక్ష ద్రవం గుండా లాగితే, మంట వాయువు ఉన్నప్పుడు ఆ నీలం ఆకుపచ్చగానో పసుపుగానో మారుతుంది. మారితే హెడ్ దించడం తప్ప దారిలేదు. పూడుకుపోయిన రేడియేటర్‌నూ, జారే ఫ్యాన్ బెల్టునూ కూడా ఏ ట్యాంకూ బాగుచేయలేదు.

పోసే నీళ్ల గురించి ఒక మాట. ఈ గుట్టల్లో బోరు నీళ్లలోనూ ట్యాంకర్ నీళ్లలోనూ రాతి లవణాలు దండిగా ఉంటాయి. అవి సిలిండర్ చుట్టూ పెచ్చుగా పేరుకుంటే వేడి దాటదు. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ కొనడం పెద్ద ఖర్చు కాదు. కూలెంట్‌ను రంగు చూసి కలపకూడదు. ఒకే ఆకుపచ్చ రంగులో పూర్తిగా వేర్వేరు రసాయనాలు దొరుకుతాయి, అవి కలిస్తే జిగురు కట్టవచ్చు. ఇంజను తయారుచేసినవాళ్లు చెప్పిన రకమే వాడాలి. తీసేసిన పాత కూలెంట్‌ను రోడ్డు పక్కన పారబోయవద్దు. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, గుర్తు రాసి, పిల్లలకు అందని చోట ఉంచి, వాడిన ఆయిల్‌ను, రసాయన వ్యర్థాలను అనుమతితో తీసుకునేవాళ్లకు అప్పగించాలి.